కత్తెర పిల్లల చేతికివ్వండి

హైదరాబాద్‌లో యువతకు నాటక శిబిరాలు నడుపుతున్న దర్శకులకు, నిర్వాహకులకు నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే మీ ప్రకటనలు మొదలవుతాయి. పదిహేను రోజులు, ఇరవై రోజులు, మహా అయితే నెల. చివరి సాయంత్రం ఒక ప్రదర్శన. పాత నాటకాన్ని తీసుకుని, ఈ కాలపు ప్రేక్షకులకు తగ్గట్టు మార్చి, కాలేజీ వయసు పిల్లలతో ఆడించడం ఇప్పుడు చాలామంది పట్టిన దారి. మంచి దారే. ఎండాకాలంలో, ఫ్యాను కూడా సరిగా తిరగని గదుల్లో, రేపు ఎంతమంది వస్తారో తెలియని పిల్లలను పెట్టుకుని నాటకం చేయించడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. నా పేచీ ఒక్కచోటే ఉంది. నాటకాన్ని మారుస్తున్నది ఎవరు? మార్చేటప్పుడు అందులోంచి పోతున్నది ఎవరు?

ఇంత చనువుగా అడగడానికి నేనెవరినో చెప్పుకోవాలి. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ పరిషత్తు పోటీల నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పినవాణ్ణి, అంటే మాట మరిచిన నటుడికి పక్కనుంచి అందించేవాణ్ణి. సైడ్ వింగులో స్క్రిప్టు పట్టుకుని, నటుడి పెదవుల వంక చూస్తూ కూర్చునే మనిషిని. మా పేరు కరపత్రంలో చివరి వరుసలో, అదీ చోటు మిగిలితే వేస్తారు. నటుడికి తన పోర్షన్ వస్తే చాలు. దర్శకుడికి తన మనసులో ఉన్న నాటకం కళ్లెదుట కనిపిస్తే చాలు. ప్రాంప్టరు మాత్రం కాగితం మీద ఉన్నదంతా చదివి ఉండాలి, కొట్టేసిన వాక్యాలతో సహా. ఎందుకంటే గాభరాపడిన నటుడు సరిగ్గా ఆ కొట్టేసిన వాక్యంలోకే దూకుతాడు. అందువల్ల ఏ నాటకంలో ఏ బృందం ఏది కోసిందో నాలాంటివాళ్లకు గుర్తుండిపోతుంది. ఉద్యోగ విరమణ తర్వాత కొన్ని శిబిరాలవాళ్లు పిల్లల ఉచ్చారణ సరిచూడమని పిలుస్తున్నారు, వెళ్తున్నాను. అక్కడ నా చేతికి వచ్చిన స్క్రిప్టులే ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

కన్యాశుల్కంతో మొదలుపెడతాను, మీలో చాలామంది మొదట పట్టుకునేది దాన్నే కాబట్టి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని తిరగరాసి, బాగా పెంచి 1909లో మళ్లీ ప్రచురించారు. మనం ఇవాళ చదివేది ఆ రెండో కూర్పునే. ఉన్నది ఉన్నట్టు ఆడితే తెల్లవారిపోతుంది. కాబట్టి కోత తప్పదు, కోయకుండా ఆడినవాళ్లు అరుదు. కోసినందుకు నేనెవరినీ తప్పుపట్టను.

ఒక శిబిరంలో దాన్ని గంటంబావుకు కుదించారు. గిరీశం చేతికి ఫోను వచ్చింది. వెంకటేశం అతని వీడియోలు తీసిపెట్టే శిష్యుడయ్యాడు. చుట్ట పోయి ఎలక్ట్రానిక్ సిగరెట్టు వచ్చింది. హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను, కుర్రవాడు నిజంగా బాగా చేశాడు. మర్నాడు ఆ స్క్రిప్టు అడిగి తెచ్చుకుని మూలం పక్కన పెట్టి చూశాను. గిరీశం మాటలు చాలావరకు ఉన్నాయి. రామప్పపంతులు ఉన్నాడు. బుచ్చమ్మకు మిగిలినవి నాలుగు వాక్యాలు, ఆ నాలుగూ గిరీశం అడిగినవాటికి జవాబులు. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి లేనే లేదు. మధురవాణికి ఒక పాట ఇచ్చి తెలివి లాక్కున్నారు. చివర్లో సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు కదా, అదీ ఎగిరిపోయింది. ఇక మిగిలింది మాటకారి కుర్రవాడు ఒకడు, వాడి వెంట నవ్వులు. గురజాడ గిరీశం సంస్కరణ కబుర్లు చెప్పి ఒక బాలవితంతువును లేవదీసుకుపోయేవాడు, ఆఖరున పరువు పోగొట్టుకునేవాడు. మీ కోత తర్వాత అతను కథానాయకుడు.

దీని వెనుక దురుద్దేశం ఉందని నేననను. సమయం చాలదు, నవ్వు రాని పేజీలు తీసేస్తారు, అంతే. అయితే నవ్వు రాని ఆ పేజీల్లో ఉండేది ఎవరో ఒకసారి చూడండి. ఎక్కువగా ఆడవాళ్లే.

బాల్యవివాహం గత కాలపు సంగతి, అందుకే తగ్గించాం అని ఒక దర్శకుడు నాతో అన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది: 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. డబ్బు అప్పుడు పిల్ల తండ్రి చేతికి వచ్చేది, ఇప్పుడు పిల్ల తండ్రి చేతి నుంచి పోతోంది. పెళ్లికూతురి వయసు మాత్రం మనం అనుకున్నంత మారలేదు. మీ శిబిరానికి వచ్చిన పిల్లల్లో ఒకరి అక్కో, పక్కింటి స్నేహితురాలో ఆ లెక్కలో ఉండే ఉంటుంది. అడిగి చూశారా?

నేను ఒక అమ్మాయితో మాట్లాడాను. డిగ్రీ చదువుతోంది. ఆ నాటకంలో ఆమెది పూటకూళ్లమ్మ వేషం, చీపురు పట్టుకుని ఒకసారి వచ్చిపోతుంది. మూలంలో గిరీశం బుచ్చమ్మ మనసు మార్చే ఘట్టం చదివి వినిపించాను. చివరిదాకా విని, "ఇలాంటి అబ్బాయి మా కాలేజీలో ఉన్నాడండీ" అంది. ఆడపిల్లల స్వేచ్ఛ గురించి కాలేజీ మొత్తంలో అతనంత బాగా మాట్లాడేవారు లేరట. ఎందుకు మాట్లాడతాడో అమ్మాయిలకు ఆలస్యంగా అర్థమవుతుందట. మీరు ఫోను, వీడియోలు, ఎలక్ట్రానిక్ సిగరెట్టు పెట్టి ఎంత వెతికినా దొరకని ఈ కాలపు గిరీశం ఆ అమ్మాయికి ఒక్క ఘట్టం వినగానే దొరికాడు. అయినా ఆమె మాట నాటకంలోకి వచ్చే వీలు లేదు. స్క్రిప్టు శిబిరం మొదలయ్యేనాటికే రాసి, జిరాక్సులు తీసి, పంచిపెట్టడానికి సిద్ధంగా ఉంది. మార్పులన్నీ పెద్దవాళ్లు ముందే చేసేశారు. పిల్లలకు మిగిలింది బట్టీ.

నేను కోరుతున్నది ఇదే. ఏది ఉంచాలి, ఏది తీయాలి, తీసినచోట ఏం పెట్టాలి అన్న పని పిల్లలతో చేయించండి. శిబిరంలో నేర్పాల్సిన అసలు విద్య అదే. నడక, గొంతు, కళ్ల కదలిక, గుండ్రంగా నిలబడి ఆడే ఆటలు, ఇవన్నీ ఉండాలి, కాదనను. కానీ పదహారు రోజుల శిబిరంలో పదమూడు రోజులు ఆటలకు, రిహార్సళ్లకు పోయి, మూలాన్ని ఒక్కరూ మొదటి నుంచి చివరి దాకా చదవకుండానే 'కన్యాశుల్కం చేశాం' అనుకుని ఇంటికి వెళ్లడం నాకు మింగుడుపడటం లేదు.

మార్చుకోవడం మన నాటకానికి కొత్తేమీ కాదు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన విద్యార్థులను కూడగట్టి 1880లో నాటకాలు ఆడించారు. షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను చమత్కార రత్నావళి చేశారు. షెరిడాన్ నాటకాలు రెండింటిని రాగమంజరి, కల్యాణ కల్పవల్లి అని మన ఇళ్లలోకి తెచ్చారు. అంటే ఆధునిక తెలుగు నాటకం ఊపిరి పోసుకున్న రోజుల్లోనే విద్యార్థులూ ఉన్నారు, అనుసరణా ఉంది. ఇక మన నగరంలోనే జరిగింది ఒకటి చెబుతాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక కుటుంబాల వారసులు ఇవాళ శేరిలింగంపల్లిలో ఉంటున్నారు. 1990లలో కన్నడ నాటక దర్శకుడు బి.వి.కారంత్ ఆ సురభి కళాకారులతో కలిసి పనిచేశారు. తెరలు, తీగలు, మాయలు, పౌరాణికాలు తప్ప మరొకటి ఎరగరని జనం అనుకునే ఆ కుటుంబాలతో ఆయన చేయించిన వాటిలో ఒకటి జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్ 'సెజ్వాన్ మంచి మనిషి'. తెలుగులో దాని పేరు బస్తీ దేవత యాదమ్మ. ముగ్గురు దేవతలు లోకంలో ఒక్క మంచి మనిషి కోసం వెతుక్కుంటూ వస్తారు. ఆ మంచి మనిషి బతకాలంటే తనలో ఒక కఠినాత్ముణ్ణి కూడా సృష్టించుకోక తప్పదు. చైనా పట్టణం వదిలి కథ బస్తీకి వచ్చింది గానీ ఆ చిక్కుముడి ఎక్కడికీ పోలేదు. కారంత్‌కు కన్నడ దేశంలో బోలెడు పేరుంది, ఆయన కూడా ఇక్కడికొచ్చి ఆ కళాకారులకు ఏది చేతనవునో దాని నుంచే మొదలుపెట్టారు. మీరు మాత్రం పిల్లలకు ఏది తెలుసో అడగకుండా మొదలుపెడుతున్నారు.

ప్రేక్షకుల కోసం మార్చడం అన్న మాట వినగానే నాకు భయం వేసే నాటకం ఒకటుంది, చింతామణి. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యాలోలత్వం సంసారాలను ఎలా కూలుస్తుందో చెప్పడానికి రాశారు. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో, ఊరూరా జాతర్లలో, అందులోని వైశ్య పాత్ర సుబ్బిశెట్టి సీనుకు నవ్వులు ఎక్కువ వస్తున్నాయని నటులు దాన్ని పెంచుకుంటూ పోయారు. ఒకరు ఒక మాట కలిపితే రెండోవారు రెండు కలిపారు. కొన్నాళ్లకు జనం ఆ సీను కోసమే రావడం, అది అయిపోగానే లేచిపోవడం నేను వింగులోంచి చూశాను. బూతు రచయితది కాదు, పేరు మాత్రం రచయితది. తమ కులాన్ని అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం నాకు నచ్చలేదు. బాధపడినవారి బాధ అబద్ధమనీ అనను. నన్ను బాధించేది వేరు. అంత పెద్ద మార్పు జరిగిన ఆ దశాబ్దాల్లో 'మనం ఈ నాటకాన్ని ఏం చేస్తున్నాం' అని ఎవరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోలేదు. నవ్వే కత్తెర పట్టుకుంది. గిరీశం చేతిలో ఫోను చూసి హాలు గొల్లుమన్నప్పుడు నాకు గుర్తొచ్చింది సుబ్బిశెట్టే.

ఇదే కాళ్లకూరి గారి మరో నాటకం వరవిక్రయం. దాన్ని చేసిన ఒక శిబిరంలో దర్శకురాలు నా మాట మన్నించి మొదటి రోజులన్నీ చదవడానికే ఇచ్చింది. అక్కడ జరిగినదాన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి.

కథ మీకు తెలుసు. పురుషోత్తమరావు పెద్ద కూతురు కాళింది పెళ్లికి కట్నం కోసం భూమి అమ్ముతాడు. అది భరించలేక ఆ పిల్ల బావిలో పడి చనిపోతుంది. పుచ్చుకున్న కట్నం తిరిగి ఇవ్వడానికి వరుడి తరపు పెద్ద సింగరాజు లింగరాజు ఒప్పుకోడు. చివరకు అదే వరుడికి చెల్లెలు కమలతో పెళ్లి జరుగుతుంది. కమల అత్తవారింటికి వెళ్లనంటుంది. డబ్బిచ్చి కొనుక్కున్నాం గనుక అతనే మా ఇంటికి రావాలంటుంది. వ్యవహారం కోర్టుకెక్కుతుంది.

కాళింది చావు దగ్గర పిల్లలు రెండు జట్లుగా చీలిపోయారు. ఆమె చనిపోకూడదని ఒక జట్టు. కష్టం వస్తే ఆడపిల్ల చచ్చిపోవాలని మళ్లీ మళ్లీ చూపిస్తే చూసేవాళ్లకు అదే దారి అనిపిస్తుందని వాళ్ల వాదన. అందులో ఇద్దరు హాస్టల్లో తమ పక్కగదిలో జరిగిన సంగతి చెప్పారు, అది ఇక్కడ రాయను. ఆమె బతికితే లింగరాజు ఉత్త పిసినారి అవుతాడు, నాటకం బేరాల ప్రహసనంగా మిగిలిపోతుంది అని రెండో జట్టు. దేశంలో ఇప్పటికీ ఏటా ఆరు వేలకు పైగా వరకట్న మరణాలు నమోదవుతున్నాయి, చావును తీసేస్తే అబద్ధం చెప్పినట్టు కాదా అని ఒక కుర్రవాడు గట్టిగా నిలబడ్డాడు. దర్శకురాలు తీర్పు చెప్పలేదు. ఎంత నిగ్రహమో! నేనైతే మధ్యలో కల్పించుకుని ఉండేవాణ్ణి.

తేల్చుకోవడానికి వాళ్లకు రెండు సాయంత్రాలు పట్టింది. కాళింది చావు ఉంటుంది, బావి ఉండదు, ఏడుపు పాట ఉండదు. వంటింట్లో ఒక పనిమనిషి పక్కింటి ఆమెకు ఒక్క వాక్యంలో చెబుతుంది, వెంటనే తర్వాతి ఘట్టం. ఇక లింగరాజు బేరం సీనులో మాటలు ముట్టుకోకూడదని, అంకెలు మాత్రం మార్చాలని నిర్ణయించారు. జీతాన్ని 'ప్యాకేజీ' అనడం ఒక్కటి కలిపారు. కమల తిరగబడే ఘట్టంలో అక్షరం కోయలేదు. ప్రదర్శన అయ్యాక ప్రేక్షకుల్లోంచి ఒక పెద్దమనిషి లేచి, కమలకు పిల్లలు కొత్తగా రాసిన మాటలు అద్భుతమని మెచ్చుకున్నారు. అవి 1920ల నాటి కాళ్లకూరి మాటలు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ క్షణం చూడటానికి మీరుండాల్సింది.

ఇక సంస్కృత నాటకాల జోలికి వెళ్లేవారికి ఒక్కమాట. శూద్రకుడి మృచ్ఛకటికం మీలో కొందరికి ఇష్టమని తెలుసు. బంగారు బండి కావాలని ఏడ్చే పిల్లవాడు, వసంతసేన నగలు, చారుదత్తుడి పేదరికం, వీటిని అందరూ ఉంచుతారు. శకారుణ్ణి మాత్రం విదూషకుడి తమ్ముణ్ణి చేస్తారు. అతను రాజుగారి బావమరిది. పురాణాలన్నీ కలగాపులగం చేసి మాట్లాడతాడు. రావణుడికి కుంతి చిక్కినట్టు నువ్వు నాకు చిక్కావంటాడు. ఎవరూ సరిదిద్దరు, సరిదిద్దే ధైర్యం ఎవరికీ లేదు. తొమ్మిదో అంకంలో న్యాయస్థానానికి వచ్చి, నా ఫిర్యాదు వినకపోతే బావగారికి చెప్పి నీ పదవి ఊడగొట్టిస్తానని న్యాయాధికారినే బెదిరిస్తాడు. చదువు లేదు, అధికారం ఉంది, తప్పుడు చరిత్రను గట్టిగా చెప్పే గొంతు ఉంది. వాట్సాప్ చూసే ఏ పిల్లవాడికైనా శకారుడు ఎవరో చెప్పాల్సిన పని లేదు. శూద్రకుడు ఇంత సిద్ధం చేసి పెడితే మీరు అతనికి నల్లకళ్లద్దాలు తగిలించి సరిపెడుతున్నారు. దర్శకుడు హబీబ్ తన్వీర్ 1958లో ఇదే నాటకాన్ని మిట్టీ కీ గాడీగా చేసినప్పుడు ఛత్తీస్‌గఢ్ జానపద కళాకారులను ఢిల్లీకి తెచ్చి ఆడించారు. వాళ్ల ఒళ్లు, వాళ్ల గొంతు ఆ నాటకాన్ని పండితుల చేతుల్లోంచి లాక్కొచ్చాయి.

గొంతు అన్నాను కాబట్టి నా సొంత శాఖ సంగతి. మీ పిల్లల్లో చాలామంది తెలుగును కూడబలుక్కుని చదువుతారు. కొందరు పోర్షన్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటారు. ఆ రాతలో కల, కళ ఒకేలా కనిపిస్తాయి, ఇక ప్రాంప్టరు ఏం చేయగలడు? తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి అన్న చట్టం 2018లో వచ్చింది. దాని ఫలం చేతికందడానికి ఇంకా సమయం పడుతుంది. అందుకని చదవలేనివాళ్లను పక్కన పెట్టకండి. ఒకరు గట్టిగా చదువుతుంటే మిగతావారు వినాలి. వినే చెవి ఉన్న పిల్లలు చదివేవాళ్లకన్నా మంచి ప్రశ్నలు వేయడం నేను చూశాను. సుల్తాన్ బజార్‌లో ఉన్న, 1901లో మొదలైన గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి ఒకరోజు తీసుకెళ్లి, అక్కడ కూర్చోబెట్టి ఒక అంకం చదివించండి. ఆ బీరువాల మధ్య చదివితే పుస్తకం మీద కాస్త మర్యాద కూడా వస్తుంది.

ఉచ్చారణ సరిదిద్దడం నా పని. అయినా మనవి చేస్తున్నాను, యాస సరిదిద్దమని నన్ను పిలవకండి. శిబిరంలో నల్లగొండ పిల్ల ఉంటుంది, శ్రీకాకుళం నుంచి వచ్చి కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే కుర్రవాడు ఉంటాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పాతబస్తీ అమ్మాయి ఉంటుంది. గురజాడ పండితులు ముక్కు విరిచినా లెక్కచేయక తన ఊరి జనం మాట్లాడే తెలుగులో రాశారు. ఆయన నాటకాన్ని వార్తలు చదివే తెలుగులోకి మార్చి ఆడించడం కన్నా, మధురవాణిని పాతబస్తీ అమ్మాయి తన ఇంటి మాటల్లో పలకడమే ఆయనకు దగ్గర. మధురవాణి పాత్రకు ఆ చురుకు సరిగ్గా సరిపోతుంది కూడా.

హక్కుల విషయం పొడిగా చెప్పి ముగిస్తాను. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక అరవై ఏళ్ల వరకు హక్కులు వారసులవి. గురజాడ 1915లో, కందుకూరి 1919లో, కాళ్లకూరి 1927లో, బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో వెళ్లిపోయారు, వారి నాటకాలు ఎవరైనా మార్చి ఆడవచ్చు. ఆచార్య ఆత్రేయ 1989లో పోయారు, ఆయన నాటకాలకు 2049 చివరి దాకా అనుమతి తీసుకోవాల్సిందే. వారసులకు ఒక ఉత్తరం రాయడం పెద్ద పని కాదు. ఆ ఉత్తరాన్ని కూడా పిల్లలతోనే రాయించండి, ఇంకొకరి రాతను ముట్టుకుంటున్నామన్న సంగతి వాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు చివరి సాయంత్రం సంగతి. ఒకసారి ఒక హాల్లో పిల్లలకు మధ్యాహ్నం మూడింటికే మేకప్ వేశారు. అతిథులు వచ్చేసరికి ఏడయింది. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు, నాటకరంగం చచ్చిపోతోందని ప్రతి వక్తా విడివిడిగా బాధపడటం. హాలు తొమ్మిదిన్నరకు అప్పగించాలి. వింగులో నా దగ్గరికి ఒకాయన వచ్చి "రెండు సీన్లు లేపేయండి, పిల్లలకు మీరే సైగ చేయండి" అన్నాడు. పిల్లలు అన్ని రోజులు తలపట్టుకుని ఉంచుకున్న సీన్లు రెండు, ఒక శాలువా ఖరీదుకు పోయాయి. పౌడరు చెమటకు కారిపోయిన ముఖాలతో వాళ్లు మూడో సీను నుంచి ఆరో సీనులోకి దూకారు. నాటకరంగం ఎవరి వల్ల చచ్చిపోతోందో ఆ వేదిక మీద ఎవరికీ తోచలేదు.

అందుకే అడుగుతున్నాను, ప్రదర్శన ఒకటితో ఆపకండి. మీ ప్రకటనల్లో 'ఈ కాలపు ప్రేక్షకులు' అని రాస్తారు, వచ్చేది నటుల తల్లిదండ్రులు, మేనత్తలు. వాళ్లు ఏం చేసినా చప్పట్లు కొడతారు. వారం తర్వాత రెండో ప్రదర్శన మరోచోట పెట్టండి, పిల్లలు ఎవరో తెలియని జనం ముందు. బస్తీలో కమ్యూనిటీ హాలు కావచ్చు, సర్కారు బడి వరండా కావచ్చు, బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ వంటి ఆరుబయలు చోటు కావచ్చు. సెట్టు లేకపోయినా పర్వాలేదు. మొదటి ప్రదర్శనలో ఎక్కడ జనం కదిలిపోయారో, ఎక్కడ ఫోన్లు తీశారో పిల్లలే రాసుకుని, ఆ వారంలో మళ్లీ కత్తెర పట్టాలి. మార్పు అసలు అప్పుడు మొదలవుతుంది. సురభివాళ్లు ఒకే నాటకాన్ని తరాల తరబడి ఆడుతున్నారు. మీరు నెల రోజులు కష్టపడి ఒక్కసారి ఆడి సెట్టు విప్పేస్తున్నారు. పిల్లలను ఒకరోజు శేరిలింగంపల్లి తీసుకెళ్లి, మాయాబజార్‌లో లడ్డూలు ఎలా ఎగురుతాయో తెరవెనుక నుంచి చూపించండి, ఆ తాళ్లు లాగేవాళ్లతో మాట్లాడించండి.

ఈ ఉత్తరం ప్రభుత్వ సాంస్కృతిక శాఖ అధికారుల కంటపడితే వారికీ ఒక విన్నపం. శిబిరాలకు సాయం చేసేటప్పుడు ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని రోజులు జరిగింది అన్న లెక్కతో పాటు రెండో ప్రదర్శన ఎక్కడ జరిగింది అని అడగండి. ఆ ప్రదర్శనకు ఒక చిన్న వ్యాను, రెండు మైకుల ఖర్చు ఇవ్వండి. శాలువాలకయ్యే డబ్బులో అది సర్దుబాటు అవుతుందని నా బ్యాంకు బుద్ధి చెబుతోంది.

మీరు అడిగే ప్రశ్న నాకు ముందే వినబడుతోంది. పిల్లల చేతికి కత్తెర ఇస్తే నాటకాన్ని పాడుచేయరా? కొందరు చేస్తారు. కన్యాశుల్కంలో గిరీశానికి పెళ్లి చేసి సుఖాంతం చేద్దామన్న జట్టునూ చూశాను, మధురవాణిని దెయ్యాన్ని చేద్దామన్నవాణ్ణీ చూశాను. దాన్ని ఆడించి చూపమనండి, మిగతా పిల్లలే అల్లరి పెట్టి దింపేస్తారు. మీరు ముందే పాడుచేసి జిరాక్సులు పంచడం కన్నా అది నయం, కనీసం వాదించుకున్నారు.

వచ్చే వేసవికి కరపత్రం అచ్చు వేయించేటప్పుడు 'అనుసరణ' అన్న చోట మీ పేరు తీసి 'శిబిర సభ్యులు' అని, కింద వాళ్ల పేర్లన్నీ వేయండి. అలా వేసిన మొదటి శిబిరానికి నేను డబ్బు పుచ్చుకోకుండా ప్రాంప్టింగ్ చెబుతాను. ఇంతవరకు ఎవరూ ఇచ్చింది లేదనుకోండి, అయినా మాట మాటే.

ఇట్లు,
ఒక పాత ప్రాంప్టరు
నల్లకుంట, హైదరాబాద్